జ్వరం ఒకటే, ఫారాలు మూడు

1994 సెప్టెంబరులో సూరత్‌లో ఊపిరితిత్తుల ప్లేగు వార్త పొక్కగానే లక్షల మంది రైళ్లు, బస్సులు పట్టుకుని ఊరు విడిచారు. దేశమంతటా అనుమానిత కేసులు వేలల్లో నమోదయ్యాయి. చివరికి ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కకెక్కినవి 876 కేసులు, 54 మరణాలు. ఈ రెండు లెక్కలూ అబద్ధం కాదు. రెంటినీ ‘ప్లేగు కేసులు’ అనే ఒకే పేరుతో పిలవడంలోనే ఉంది చిక్కంతా.

2004లో మొదలైన సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం ఇందుకు స్పష్టమైన నియమం పెట్టింది. సూరత్ శివారు ఇచ్ఛాపూర్‌లో ఒకరికి జ్వరం వచ్చిందనుకుందాం. ఆరోగ్య కార్యకర్త లక్షణాలను బట్టి ‘ఎస్’ ఫారంలో రాస్తారు. అంటే అనుమానితం. డాక్టరు పరీక్షించి ఫలానా జబ్బు కావచ్చంటే ‘పి’ ఫారం. ల్యాబ్‌లో తేలితేనే ‘ఎల్’. ఎవరూ తమకు తెలిసినదానికి మించి ఒక మెట్టు ఎక్కి రాయకూడదు. అలాగని ల్యాబ్ రిపోర్టు వచ్చేదాకా ‘ఎస్’ ఫారం ఆపకూడదు, ఈలోగా జబ్బు పక్క వీధికి పాకుతుంది.

మన ఊళ్లలో డెంగీకీ ఇదే వర్తిస్తుంది. ర్యాపిడ్ కిట్‌లో పాజిటివ్ వస్తే అది ‘కావచ్చు’ మాత్రమే. ప్రభుత్వ లెక్కల్లో నిర్ధారణ కావాలంటే ఎలీసా వంటి ల్యాబ్ పరీక్ష ఉండాలి. వాట్సాప్‌లో కేసులు ఎక్కువగా, బులెటిన్‌లో తక్కువగా కనిపించడానికి ఇదీ ఒక కారణం.