నదుల పంపకం – లెక్కల బంధం

నీటి తగాదా ఎంత చెడ్డదో రైతుబిడ్డనైన నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. మరి దేశాల మధ్యనో?

1960 సెప్టెంబరు 19న కరాచీలో నెహ్రూ, అయూబ్ ఖాన్ సింధు జలాల ఒప్పందంపై సంతకాలు చేశారు. మధ్యవర్తి ప్రపంచ బ్యాంకు. రావి, బియాస్, సట్లెజ్ మనకు. సింధు, జీలం, చీనాబ్ ప్రధానంగా పాకిస్తాన్‌కు. నీళ్లను కాదు, నదులనే పంచుకున్నారన్నమాట! అంతకంటె ముఖ్యమైనది, రోజువారీ ప్రవాహాల లెక్కలు ఇచ్చిపుచ్చుకోవాలన్న షరతు. 1965, 1971, 1999 యుద్ధాలలోనూ ఒప్పందం తెగలేదు.

పహల్గాం దాడి తరువాత, 2025 ఏప్రిల్‌లో, భారత్ దాన్ని నిలిపివేసింది. అయినా ఆ ఆగస్టులోనే తావి నది వరద హెచ్చరికను మానవతా దృష్టితో దౌత్య కార్యాలయం ద్వారా పాకిస్తాన్‌కు పంపింది.

సైన్సు విద్యార్థిగా నాకు తోచేదొక్కటే: ఒప్పందం ఆగినా నది ఆగదు. ఎగువవాడు లెక్క చెబితేనే దిగువవాడు గట్టెక్కేది.