తీపి తగ్గాలి, మంచి కొవ్వు పెరగాలి: తిండి దగ్గర మారాం చేసే పిల్లల కోసం



"మా వాడు ఏమీ తినడండీ!" పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చే అమ్మానాన్నల నోట తరచుగా వినిపించే మాట ఇది. నిజానికి ఏమీ తినని పిల్లలు చాలా తక్కువ. పొద్దున మాల్ట్ పొడి కలిపిన పాలు, విరామంలో క్రీమ్ బిస్కెట్లు, సాయంత్రం జ్యూస్ ప్యాకెట్ అయ్యాక, రాత్రి అన్నం ముందు నోరు బిగించుకునే పిల్లలే ఎక్కువ. "ఏదో ఒకటి కడుపులో పడితే చాలు" అని మనం ఇచ్చే తీపే వాళ్ల ఆకలిని చంపేస్తుంది. అన్నం తినలేదని మళ్లీ బిస్కెట్ ఇస్తాం. మర్నాడూ ఇదే కథ. ఈ చక్రాన్ని ఆపడం ఎలాగో ఈ నెల చూద్దాం.

ముందు లెక్క చూద్దాం

ప్యాకెట్ వెనుక ఉండే పట్టికలో "యాడెడ్ షుగర్స్" అనే వరుస చూడండి. అది 100 గ్రాములకో, 100 మిల్లీలీటర్లకో ఎంత చక్కెర కలిపారో చెబుతుంది. ఒక నమూనా లెక్క:

• పాలలో రెండు చెంచాల చక్కెర: 10 గ్రాములు
• 100 గ్రాములకు 30 గ్రాముల చక్కెర ఉన్న మాల్ట్ పొడి, 20 గ్రాములు: 6 గ్రాములు
• 100 గ్రాములకు 35 గ్రాముల చక్కెర ఉన్న క్రీమ్ బిస్కెట్లు, 40 గ్రాములు: 14 గ్రాములు
• 100 మిల్లీలీటర్లకు 12 గ్రాముల చక్కెర ఉన్న జ్యూస్, 150 మిల్లీలీటర్లు: 18 గ్రాములు

మొత్తం 48 గ్రాములు, అంటే దాదాపు పది చెంచాలు. ఇందులో ఒక్క మిఠాయి కూడా లేదు!

రోజు మొత్తం శక్తిలో ఇలాంటి చక్కెర వాటా 10 శాతం దాటకూడదని, 5 శాతం లోపు ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. రోజుకు 1,700 కిలోకేలరీలు అవసరమయ్యే పిల్లలకు 10 శాతం అంటే సుమారు 42 గ్రాములు, 5 శాతం అంటే 21 గ్రాములు. బెల్లం, తేనె కూడా ఈ లెక్కలోకే వస్తాయి. కోసి పెట్టిన పండు, తీపి కలపని పాలు మాత్రం రావు. 2025 మేలో సీబీఎస్ఈ తన అనుబంధ పాఠశాలలను "షుగర్ బోర్డులు" ఏర్పాటు చేయమని కోరింది కూడా పిల్లలకు ఈ లెక్క తెలియాలనే.

కొవ్వు అంటే భయం వద్దు

చక్కెర తగ్గిస్తే బక్కచిక్కిపోతాడేమో అన్న బెంగ సహజం. అందుకే తీసేసిన చోట మరొకటి పెట్టాలి. గ్రాము చక్కెర 4 కిలోకేలరీలు ఇస్తే, గ్రాము కొవ్వు 9 ఇస్తుంది. కొద్దిగా తినే పిల్లలకు కొద్దిలోనే శక్తి అందుతుంది. కొవ్వు నెమ్మదిగా అరుగుతుంది కాబట్టి గంటకోసారి ఆకలి అనరు. ఏ, డి, ఈ, కె విటమిన్లు ఒంటికి పట్టాలన్నా కొవ్వు కావాలి. క్యారెట్ కూరలో చెంచా నూనె ఉండటం అందుకే మంచిది.

అలాగని చిప్స్, పదేపదే కాగిన నూనెలో వేయించిన బజ్జీలు మంచి కొవ్వు కింద రావు. పల్లీలు, నువ్వులు, అవిసె గింజలు, బాదం, అక్రోట్లు, గుడ్డు, చేపలు మన ఇళ్లకు దగ్గరైనవి. పల్లీల బరువులో దాదాపు సగం కొవ్వే, నాలుగో వంతు ప్రొటీన్. నెయ్యి, కొబ్బరి కూడా వద్దని కాదు, అవి కొద్దిగా చాలు.

కొత్త వంటకం వద్దు, తినేదానిలోనే కలపండి

మారాం చేసే పిల్లలకు కొత్త రుచి కన్నా కొత్త రూపం, నోటికి కొత్తగా తగలడం ఎక్కువ భయం. కాబట్టి కొత్త పదార్థంతో కాదు, ఇప్పటికే ఇష్టంగా తినేదానితో మొదలుపెట్టండి.

• పెరుగన్నం మాత్రమే తింటారా? కారం లేని మెత్తటి పల్లీ పొడి అర చెంచా కలపండి.
• దోసె ఇష్టమా? పిండిలో నువ్వుల పొడి కలపండి, లేదా గుడ్డు దోసె వేయండి.
• ఇడ్లీ చక్కెరతో తింటారా? చక్కెర కొద్దికొద్దిగా తగ్గిస్తూ, పక్కనే పలుచటి పల్లీ చట్నీ ఉంచండి.
• చపాతీ జామ్‌తో తింటారా? వేయించిన పల్లీలను ఇంట్లోనే మెత్తగా నూరి, అరటిపండు ముక్కలతో చుట్టివ్వండి.

దొంగచాటుగా కలపకండి. "ఇందులో కొంచెం నువ్వుల పొడి వేశాను, చూడు" అని చెప్పండి. ఒకసారి కనిపెట్టేస్తే, ఇష్టంగా తినే పెరుగన్నాన్ని కూడా అనుమానంగా చూస్తారు.

జాగ్రత్త: ఐదేళ్ల లోపు పిల్లలకు గింజలు పొడిగానో, ముద్దగానో ఇవ్వండి. పూర్తి గింజ గొంతులో అడ్డం పడవచ్చు. పల్లీలు, నువ్వులు, గుడ్డు, చేప పడకపోతే మానేసి, క్లాస్ టీచర్‌కు తప్పక చెప్పండి.

పళ్లెం దగ్గర ఎవరి పని వారిది

పిల్లల ఆహార నిపుణురాలు ఎలిన్ సాటర్ చెప్పిన పద్ధతి చాలా ఇళ్లలో పనికొస్తుంది. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ పెట్టాలి అన్నది పెద్దల నిర్ణయం. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది పిల్లల నిర్ణయం. బతిమాలడం, ఫోన్ చూపించి కుక్కడం, పక్కింటి పిల్లలతో పోల్చడం ఇక అక్కర్లేదు.

"కూర తింటే చాక్లెట్ ఇస్తా" అనడం కూడా మానేద్దాం. ఆ మాటలో పిల్లలకు వినిపించేది ఒక్కటే: కూర శిక్ష, చాక్లెట్ బహుమతి. ఒక పదార్థం అలవాటు కావడానికి పది, పదిహేనుసార్లు కూడా పట్టవచ్చు. మూడోసారి వద్దన్నారని వదిలేయకండి. వాసన చూసినా, వేలితో తాకినా అదీ ఒక మెట్టే.

తాతమ్మలు, నానమ్మలు, అమ్మమ్మలకు కూడా ఈ సంగతి ప్రేమగా చెప్పండి. ఇంట్లో అందరూ ఒక్క మాట మీద ఉంటేనే ఇది సాగుతుంది. పండగ రోజు అరిసెలు, పుట్టినరోజు కేకు ఆపనక్కర్లేదు. మనం మార్చాల్సింది మామూలు రోజులను.

ఈ నెల, వారానికి ఒక్క మార్పు

మొదటి వారం: జ్యూస్ ప్యాకెట్ బదులు పండు, మంచినీళ్లు లేదా మజ్జిగ.
రెండో వారం: పాలలో చక్కెర అర చెంచా తగ్గింపు. ఆ రుచికి అలవాటు పడ్డాక మరో అర చెంచా.
మూడో వారం: ఇష్టమైన ఒక వంటకంలో అర చెంచా పల్లీ పొడి లేదా నువ్వుల పొడి.
నాలుగో వారం: స్నాక్స్ డబ్బాలో రెండు రోజులు బిస్కెట్ల బదులు ఉడికించిన గుడ్డు లేదా పండు ముక్కలు.

అన్నానికి రెండు గంటల ముందు మంచినీళ్లు తప్ప ఏమీ ఇవ్వకుండా చూడండి. ఆకలితో కూర్చున్న పిల్లలకు అన్నం రుచి మనం చెప్పక్కర్లేదు.

డాక్టర్‌ను ఎప్పుడు కలవాలి?

బరువు తగ్గుతున్నా, ఎత్తు పెరగకపోయినా, ముద్ద పెట్టగానే వాంతి వచ్చినట్లు చేస్తున్నా, ఇదివరకు తినేవి ఒక్కొక్కటే మానేస్తున్నా అది మారాం అనుకోకండి. పిల్లల డాక్టర్‌కు చూపించండి.

ఈ నెలాఖరున, మీ ఇంట్లో కుదిరిన ఒక మార్పును పిల్లల చేతే డైరీలో రాయించి పంపండి. చదవడానికి మేమూ ఎదురుచూస్తుంటాం.