ఆయకట్టుకు ఎన్ని నీళ్లు కావాలి?



నదీ పరీవాహక ప్రాంతంలో సాగునీటి అవసరాన్ని ఎలా లెక్కగడతారని అడిగావు. కృష్ణా డెల్టానే తీసుకుందాం. 1855లో విజయవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది. అప్పటి నుంచీ అక్కడి కాలువల కింద వరి పండుతోంది. ఆయకట్టు సుమారు 13 లక్షల ఎకరాలు.

ముందు కొలతలు నోటికి రావాలి. ఒక క్యూసెక్కు నీరు రోజంతా పారితే రెండెకరాల్లో ఇంచుమించు అడుగు లోతున నిలుస్తుంది. ఒక టీఎంసీ, అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు, దాదాపు 23 వేల ఎకరాల్లో అడుగు లోతున నిలుస్తుంది.

లెక్క మాత్రం పొలం దగ్గరే మొదలవ్వాలి. నేల నుంచి ఆవిరయ్యేదీ, ఆకుల గుండా పైరు వదిలేదీ కలిపితే పైరు వాడుకునే నీరు. ఎండ, గాలి, తేమ, ఉష్ణోగ్రతలను బట్టి దాన్ని అంచనా వేసే పెన్‌మన్–మాంటీత్ పద్ధతిని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1998లో ప్రామాణికంగా ప్రకటించింది. అందులో వచ్చిన ప్రామాణిక అంకెను ఏ పంటకు ఆ పంటకు ఉండే పంట గుణకంతో హెచ్చవేస్తారు. వరి నిండుగా ఎదిగిన దశలో ఆ గుణకం సుమారు 1.2.

నేర్చుకోవడానికి గుండుగుత్తగా కొన్ని అంకెలు పెట్టి చూద్దాం. నాటిన పైరు పొలంలో 110 రోజులుంటుంది, పైరు రోజుకు 5 మిల్లీమీటర్లు వాడుకుంటుంది అనుకుంటే 550. నల్లరేగడిలో రోజుకు 2 చొప్పున కిందికి ఇంకేది 220. నాట్లకు ముందు పొలాన్ని బురదగా దున్నే దమ్ముకు మరో 200. మొత్తం 970 మిల్లీమీటర్లు. ఇందులో పైరుకు నిజంగా అక్కరకొచ్చే వాన 400 అనుకుంటే, కాలువ ఇవ్వాల్సింది 570. వదిలిన నీటిలో 60 శాతమే మడికి చేరుతుందనుకుంటే, కాలువ తల దగ్గర 950 మిల్లీమీటర్లు వదలాలి. అంటే 3.1 అడుగులు.

ఇప్పుడు పైనుంచి చూడు. రాష్ట్రాల మధ్య కృష్ణా జలాలను పంచిన బచావత్ ట్రిబ్యునల్ కృష్ణా డెల్టాకు కేటాయించింది 181.20 టీఎంసీలు. దాన్ని 13 లక్షల ఎకరాలకు పంచితే ఎకరానికి 3.2 అడుగులు వస్తాయి. రెండూ దగ్గరగా వచ్చాయని లెక్క ముగించకూడదు. మొదటిది మనం అనుకున్న అంకెలతో వేసిన ఒక్క పంట లెక్క, రెండోది ఏడాది మొత్తానికి ఇచ్చిన కేటాయింపు. పైగా డెల్టాలో చాలాచోట్ల వరి కోతకు ముందే మినుము చల్లుతారు, నేలలో మిగిలిన తేమతోనే అది పండుతుంది. రెండో పంట విస్తీర్ణం చూసి దానికీ వరి నీళ్లే రాసేస్తే లెక్క తప్పుతుంది.

ఏడాది మొత్తం కన్నా నెలవారీ లెక్క ముఖ్యం.

దమ్ముకు కావాల్సిన 200 మిల్లీమీటర్లూ ఆయకట్టంతా ఒకే పది రోజుల్లో అడిగితే, పొలాల దగ్గరే సుమారు 43 వేల క్యూసెక్కులు కావాలి. అంత నీరు మోసే కాలువలు డెల్టాలో లేవు. అందుకే నాట్లు కొన్ని వారాల పాటు సాగుతాయి. ఎగువ పొలాలు ముందు తడుస్తాయి, నాగాయలంక, కోడూరు వైపు శివారు భూములకు వంతు ఆలస్యంగా వస్తుంది. నాట్లు ఆలస్యమైతే పైరు పూత, కోత తుఫాన్ల కాలంలో పడతాయి. ఏడాది సగటుతో సరిపెట్టే ఇంజనీరుకు ఈ శివారు రైతు కనిపించడు.

పరీవాహకం మొత్తానికి వస్తే మరో సంగతి. కృష్ణలో 75 శాతం విశ్వసనీయతతో, అంటే నూటికి 75 ఏళ్లలో, దొరికే నీరు 2,060 టీఎంసీలని బచావత్ తేల్చారు. ఎగువ పొలాల్లో ఇంకి మళ్లీ నదిలోకి చేరే ఊట కింద మరో 70 కలిపారు. ఎగువన పొలం దాటిన నీరంతా వృథా కాదన్నమాట. డెల్టాలో మాత్రం మురుగు కాలువలోకి దిగిన నీటిని దారిలో ఎవరూ తోడుకోకపోతే అది సముద్రంలో కలుస్తుంది. కాబట్టి నీటి ఆదా లెక్క ఎగువకు ఒకటి, దిగువకు ఒకటి.

నువ్వు ముందుగా ఒక్క పంట కాలువ తీసుకో. దాని కింద ఏ ఊళ్లో ఏ పక్షంలో నాట్లు పడతాయో రైతులనూ, కాలువ నీరు వదిలే లస్కర్లనూ అడిగి రాసుకో. ప్రతి పక్షానికీ కావాల్సిన నీరు, పడిన వాన, తూము దగ్గర వదిలిన నీరు పక్కపక్కన వేసి చూడు. శివారు తూము అంకెలు తప్పకుండా ఉండాలి. ఆ పట్టిక పంపితే తర్వాతి లెక్క కలిసి వేద్దాం.

ఆశీస్సులతో,
పెదనాన్న