తెరమీది పాఠం – తరగతిలో మాట

విద్యార్థికి భాష ఒక పనిముట్టు. సేద్యానికి గుంటక ఎట్లాగో, సైన్సు చదువుకు ఇంగ్లీషు అట్లాగే. పదును లేకుంటే పని సాగదు. తెలుగు మాధ్యమంలో చదివి డిగ్రీకి వచ్చిన నావంటి పల్లె విద్యార్థులకు ఈ సంగతి మొదటి సెమినారు నాడే తెలిసివస్తుంది. ద్రవాభిసరణం నాకు బాగా తెలుసు. అయినా ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు చెప్పి, ఐదవది రాక నిలబడిపోయాను.

తెరమీది పాఠం మన దేశానికి కొత్త కాదు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు ‘సైట్’ అనే ఉపగ్రహ టెలివిజన్ ప్రయోగం ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలలో జరిగింది. అందులో తెలుగు కార్యక్రమాలు కూడా ప్రసారమైనవి. 2020 సెప్టెంబరులో, కరోనా కాలంలో, యాదగిరి, టీ-శాట్ చానళ్ళ ద్వారా మేము పాఠాలు విన్నాము. 2021 మే నెలలో యూజీసీ, ఒక కోర్సులో 40 శాతం దాకా ఆన్‌లైన్‌లో, మిగతాది తరగతిలో చెప్పవచ్చునని ప్రతిపాదించింది. దీనినే మిశ్రమ బోధన అంటున్నారు.

మరి విద్యార్థుల మాట ఏమిటి? నా మిత్రులను అడిగాను. “వీడియో నన్ను చూసి నవ్వదు, పదిసార్లు వెనక్కి తిప్పుకోవచ్చు” అన్నాడొకడు. “ఇంట్ల ఒక్కటే ఫోను. నాయన బాయికాడికి తీస్కపోతడు. రాత్రి నా చేతికొచ్చేసరికి నిద్రొస్తది” అన్నది ఒక సోదరి. “అది చెప్తది గాని నా తప్పు దిద్దది” అన్నాడు మరొకడు.

మూడు మాటలూ నిజమే. నా అనుభవమే చెబుతాను. తెలుగు అజంత భాష. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి. అందుకే ‘బస్’ను ‘బస్సు’, ‘బుక్’ను ‘బుక్కు’ అంటాము. వీడియో చూసి నెలరోజులు పలికాను, దిద్దుకున్నాననుకున్నాను. తరగతిలో చదివితే పక్క బెంచీ మిత్రుడు “ఇంకా ఉకారం వస్తున్నదిర” అన్నాడు. నా చెవికి వినపడని తప్పు వాని చెవికి వినపడ్డది! అట్లాగే ‘ఫోటోగ్రాఫ్’లో మొదటి అక్షరం మీద పడే ఊనిక ‘ఫోటోగ్రాఫర్’లో రెండవ దానిమీదికి జరుగుతుంది. ఇది వీడియోలో విన్నాకనే నాకు పట్టుబడింది. పుస్తకంలోని అక్షరాలలో కనిపించలేదు.

కనుక వినడానికి తెర, మాట్లాడడానికి మనిషి కావాలి. ప్రయోగం చేసే విధానం పుస్తకంలో చదువుతాము, కాని బ్యూరెట్టు పట్టుకోవడం ప్రయోగశాలలోనే నేర్చుకుంటాము గదా!

అధ్యాపకులకు, విద్యార్థి సంఘానికి నాదొక మనవి. ఫోను లేనివారి కొరకు గ్రంథాలయంలో సాయంత్రం ఒక గంట వీడియో చూపించాలి. మరునాడు తరగతిలో ఆ పాఠం మళ్ళీ చెప్పక, మా చేత మాట్లాడించాలి. తప్పు పలికితే నవ్వకుండా వినడం మన వంతు. మిత్రులారా, ఆనాడు నేను మింగిన ఆ ఐదవ వాక్యం మన వెనుక వచ్చే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మింగవద్దు.