డ్రాఫ్టు మీద రెండు వాక్యాలు

2025 సంక్రాంతికి ఊరొచ్చిన మా పిన్ని కొడుకు, భోజనాలయ్యాక ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ నియమాల డ్రాఫ్టు జనవరి 3న బయటికొచ్చింది. అభిప్రాయాలకు అప్పటికి ఫిబ్రవరి 18 గడువు.

"అన్నా, ఇది కాపీ చేసి పంపేస్తే చాలంట."

వాట్సాప్‌లో తిరుగుతున్న నాలుగు పేరాల ఇంగ్లిష్. పంపొద్దన్నాను. మూస ఉత్తరాల సంగతి ముందే చూశాం.

2015లో నెట్ న్యూట్రాలిటీ మీద టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 20 ప్రశ్నలు వేస్తే పది లక్షలకు పైగా ఈమెయిళ్లు వెళ్లాయి. అవీ చాలావరకు మూసవే, కాకపోతే అడిగినదానికి జవాబులు. ఆ ఏడాది చివర్లో, కొన్ని సైట్లను మాత్రమే ఉచితంగా చూపే ఫ్రీ బేసిక్స్ కోసం ఫేస్‌బుక్ తన వాడుకరులతో పంపించిన లక్షల మూస ఉత్తరాల్లో అడిగిన ప్రశ్నలకు జవాబే లేదని ట్రాయ్ తప్పుబట్టింది. 2016 ఫిబ్రవరి 8న అలాంటి పథకాలకు తలుపు మూసేసింది.

"మీ ఆఫీసులో హాజరెలా వేస్తారు?" అనడిగాను.

"యాప్‌లో సెల్ఫీ. లొకేషన్ ఆన్‌లో ఉండాలి."

"షిఫ్టు అయ్యాక?"

"ఆపేస్తే మేనేజర్ ఫోన్ చేస్తాడు."

అదే రాయమన్నాను. ఉద్యోగ అవసరాలకైతే సమ్మతి లేకుండానే డేటా వాడుకునే వీలు ఈ నియమాలకు మూలమైన 2023 చట్టంలోని ఏడో సెక్షన్ యజమానికిచ్చింది. ఆ అవసరం ఎక్కడ ఆగాలో షిఫ్టులో ఉన్నవాడికి తెలిసినంతగా ఢిల్లీలో కూర్చున్నవాళ్లకేం తెలుస్తుంది?

పైన నియమం నంబరు, దాని కింద మీకు జరుగుతున్నది, ఆ కింద ఏం మార్చాలో. అంతే. వాడు మొదట "మా ప్రైవసీని కాపాడండి" అని రాశాడు. కొట్టేశాను. అరగంట తంటాలుపడ్డాక వచ్చింది: "షిఫ్టు ముగియగానే లొకేషన్ సేకరణ ఆగాలి. హాజరు ఫొటోలను ఉద్యోగం మానేసిన 30 రోజుల్లో తుడిచెయ్యాలి." చదివేవాళ్లు ఎత్తి నియమంలో పెట్టుకోవచ్చు.

ఇలాంటి అభిప్రాయాలను ఆఫీసు లాప్‌టాప్ నుంచి, ఆఫీసు మెయిల్ నుంచి పంపకండి. కంపెనీ పేరూ స్క్రీన్‌షాట్లూ వద్దు, చేరిన రోజే గోప్యతా కాగితం మీద సంతకం పెట్టి ఉంటారు. ప్రభుత్వోద్యోగులైతే ముందు ప్రవర్తనా నియమావళి చూసుకోవాలి. ఫోన్ నంబరు కూడా అతికించకండి: 2015లో ట్రాయ్ తనకొచ్చిన మెయిళ్లను పంపినవాళ్ల ఈమెయిల్ ఐడీలతో సహా వెబ్‌సైట్‌లో పెట్టేసింది! ఈ డ్రాఫ్టుకు మాత్రం అభిప్రాయాలను బయటపెట్టబోమని ముందే చెప్పారు.

ఆ 2025 నవంబరులోనే నియమాలు నోటిఫై అయ్యాయి. వాడి వాక్యాలు అందులో లేవు. "వేస్టే కదన్నా" అని నిష్ఠూరమాడాడు. నేనేమీ అనలేదు. అయితే కంపెనీల మీద పడే ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల వ్యవధి ఉంది. ఈలోగా వాళ్ల హెచ్‌ఆర్ కొత్త డేటా పాలసీ రాస్తూ ఉద్యోగుల సూచనలు అడిగింది. ఆ రెండు వాక్యాలే, ఒక్క అక్షరం మార్చకుండా, మొన్న సోమవారం పంపాడు.