విజయవాడ కేసు వరంగల్‌కు మారాలంటే...

ప్రశ్న: భర్త విజయవాడ ఫ్యామిలీ కోర్టులో విడాకుల కేసు వేశారు. భార్య చంటిబిడ్డతో వరంగల్‌లోని పుట్టింట్లో ఉన్నారు. కేసు అక్కడికి మారుతుందా?

జవాబు: సివిల్ కేసును మార్చే అధికారం ఎవరిదన్నది ఆ రెండు కోర్టులూ ఎవరి కింద ఉన్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 24వ సెక్షన్ ప్రకారం జిల్లా కోర్టు తన కింది కోర్టుల మధ్య, హైకోర్టు తన పరిధిలోని కోర్టుల మధ్య కేసులు మార్చవచ్చు. రాష్ట్రం దాటితే 25వ సెక్షన్ కింద సుప్రీంకోర్టుకే వెళ్లాలి. 2019 జనవరి 1న ఆంధ్రప్రదేశ్, తెలంగాణ హైకోర్టులు వేరుపడ్డాయి. అంతకుముందు హైదరాబాద్‌లోనే తేలిపోయే ఇలాంటి పిటిషన్ ఇప్పుడు ఢిల్లీ దాకా వెళ్తోంది. సామాన్య కుటుంబానికి ఇది నిజంగా భారమే.

ట్రాన్స్‌ఫర్ పిటిషన్‌తో పాటు అఫిడవిట్ వేయాలి. దూరాభారం అని ఒక్క మాట రాస్తే చాలదు. బిడ్డ వయసు, సంపాదన లేకపోవడం, వాయిదాలకు తోడు వచ్చేవారు లేకపోవడం, వరంగల్‌లో మనోవర్తి కేసు నడుస్తుంటే దాని నంబరు, అన్నీ అందులో ఉండాలి. వైవాహిక వివాదాల్లో సాధారణంగా భార్య సౌకర్యాన్నే చూడాలని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. అయినా ప్రతి కేసూ దాని పూర్వాపరాల మీదే తేలుతుంది.

చాలామంది పొరబడేది ఒకచోట ఉంది. పిటిషన్ వేసినంత మాత్రాన విజయవాడలో విచారణ ఆగదు. స్టే ఉత్తర్వు తెచ్చుకోవాలి. అది వచ్చేదాకా అక్కడ వకీలు హాజరు కాకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ వచ్చే ప్రమాదం ఉంది. కేసు మారాక మొదటి నుంచి విచారించాలా, ఆగిన దశ నుంచి కొనసాగించాలా అన్నది, బదిలీ ఉత్తర్వులో ప్రత్యేకంగా చెప్పకపోతే, కొత్త కోర్టు ఇష్టం.

ఖర్చుకు వెనకాడనక్కర్లేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం కింద ఆదాయంతో సంబంధం లేకుండా మహిళలకు ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది.