ప్రతినాయకుడును ప్రతిరాజ్యమును: పాత్రధారణ క్రీడలలో ధర్మసందిగ్ధత

ఆంగ్లమున 'విలన్' అను పదమునకు మూలము లాటిను భాషలో పల్లెకమతమున పనిచేయు కూలివానిని తెల్పు శబ్దము. పొలము పని చేయువాడు కాలక్రమమున మోటువాడాయెను, మోటువాడు దుష్టుడాయెను. వృత్తినామము శీలనామముగా మారుట భాషాచరిత్రలో అరుదు కాదు. మన 'గ్రామ్య' శబ్దము కూడ గ్రామమున పుట్టి అసభ్యతకు దిగజారినదే. అయినను అది వాక్కు దగ్గఱ ఆగినది గాని దౌష్ట్యము వఱకు పోలేదు. 'ప్రతినాయక' శబ్దమందు అట్టి నింద లేదు. నాయకునికి ఎదురు నిలుచువాడనియే దాని యర్థము. నిందను చేర్చినవారు లాక్షణికులు. పదవ శతాబ్దివాడైన ధనంజయుడు దశరూపకమున ప్రతినాయకుని లోభిగను, ధీరోద్ధతునిగను, పాపకారిగను, వ్యసనిగను నిర్వచించినాడు. అతనికి పూర్వుడైన దండి కావ్యాదర్శమున వేఱొక త్రోవను కూడ చూపినాడు. శత్రువు యొక్క వంశమును, పరాక్రమమును, విద్యను ముందుగా వర్ణించి, అట్టివానిని జయించెనని నాయకుని కీర్తించుట తనకు ప్రియమని అతని మతము. దండి ఉదారుడే, కాని అతని యౌదార్యము కూడ నాయకుని ఖాతాలోనే జమపడుచున్నది. రెండు మతములందును శత్రువు నాయకుని కొఱకే పుట్టినవాడు.

నాయకుడెవ్వడో ముందుగా తెలియని కథలో ప్రతినాయకుని స్థితి యేమగును? ఈ ప్రశ్నకు చక్కని పరీక్షాస్థలము ఆధునిక పాత్రధారణ క్రీడ. దీనికి ఆద్యమైనది 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. ఇది గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురి రచనగా 1974లో అమెరికాలో వెలువడినది. కొందఱు బల్లచుట్టు కూర్చుండి, తలకొక పాత్రను ధరించి, ఆ పాత్ర యేమి చేయునో నోటితో చెప్పుదురు. తక్కిన లోకమునంతను నిర్వాహకుడు చెప్పును. ఫలితము తేలనిచోట పాచికలు తీర్పరులు. వ్రాతప్రతి లేదు, ప్రేక్షకులు లేరు. కావున దీనిని నాటకమనుటకంటె పలువురు కూడి చేయు ఆశుకథనమనుట సమంజసము.

ఈ క్రీడలో ప్రతిపాత్రకును, ప్రతిజాతికిని ఒక శీలవిభాగము కలదు. తొలి పుస్తకములలో విభాగములు మూడు: వ్యవస్థ, ఉదాసీనత, అవ్యవస్థ. ఈ భేదమునకు బీజము పౌల్ ఆండర్సన్ 1961లో పుస్తకరూపమున ప్రకటించిన 'త్రీ హార్ట్స్ అండ్ త్రీ లయన్స్' నవలలోను, మైకేల్ మూర్‌కాక్ రచించిన ఎల్రిక్ కథలలోను కానవచ్చును. 1974 నాటి పట్టికలో ఒక విశేషమున్నది. టోల్కీను నవలలనుండి వచ్చిన ఆర్క్ జాతి అందు ఉదాసీనుల వరుసలోను, అవ్యవస్థుల వరుసలోను రెండుచోట్ల వ్రాయబడినది. అనగా తొలుత ఆ జాతి యొక పక్షమునకు కట్టుబడినది కాదు. 1976లో గైగాక్స్ ఒక వ్యాసమున మంచిచెడుల భేదమును రెండవ కొలతగా చేర్చినాడు. 1977లో వెలువడిన భూతకోశమున ఆర్కులు నియమబద్ధ దుష్టులైరి. 1978 నాటికి తొమ్మిది గళ్ల పట్టిక స్థిరపడినది. మొదటి పట్టికలోని సందిగ్ధత లేఖకుని యజాగ్రత్తగా తోపవచ్చును; అయినను తరువాతి శాస్త్రీయతకంటె అదియే సత్యమునకు దగ్గఱగా నున్నది.

తొమ్మిది గళ్ల పట్టిక తర్కశాస్త్రమువలె కన్పట్టును. దాని ఫలితము తర్కమునకు లొంగునది కాదు. ఒక జాతికంతకు దుష్టశబ్దమును తగిలించిన పిమ్మట, ఆ జాతి శిశువును చంపుట పాపమా కాదా అను ప్రశ్న ఆటబల్లలయొద్ద నిజముగనే పుట్టి, దశాబ్దములు వాదమునకు విషయమైనది. 2000లో వెలువడిన మూడవ కూర్పున ధర్మయోధునికి, అనగా పాలడిన్‌కు, దుష్టత్వమును కనిపెట్టు శక్తి కోరినప్పుడెల్ల లభించుచుండెను. అట్టివాడు సంతలో నిలిచి చూచినచో దుష్టులెవ్వరో తెలిసిపోవును. నేరమింకను జరుగలేదు, నేరగాడు మాత్రము దొరకినాడు!

ఈ చిక్కును నేరుగా ఎదుర్కొన్నది ఎబెరాన్ అను కల్పితలోకము. విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ 2002లో క్రొత్త లోకకల్పనకై పోటీ పెట్టగా 11,000కు పైగా ప్రతిపాదనలు వచ్చెను. వానిలో ఎన్నికైనది కీత్ బేకర్ రచన; 2004లో అది గ్రంథమైనది. ఆ లోకమున గాలిఫర్ అను మహారాజ్యము రాజు మరణింపగా, అతని సంతానమైన ఐదుగురిలో వారసత్వకలహము పుట్టినది. వారి శకమున 894లో మొదలైన యుద్ధము 996లో సంధితో ముగిసినది. సంప్రదాయానుసారము సింహాసనము సైర్ పాలకురాలిదే. ఆ సైర్ రాజ్యమే 994లో ఒక్కనాడు నశించినది. ఎవరు చేసిరో, ఎట్లు జరిగెనో గ్రంథకర్తలు బుద్ధిపూర్వకముగనే చెప్పలేదు. ధర్మపక్షమని చెప్పదగిన రాజ్యమును కథాప్రారంభమునకు ముందే తుడిచివేయుటచే, మిగిలిన రాజ్యములలో దేనికిని నాయకస్థానము దక్కలేదు.

మిగిలినవానిలో కార్నాథ్ శవసైన్యముతో పోరాడిన రాజ్యము. సామాన్య కథలలో ఇంతమాత్రమే దానిని దుష్టరాజ్యముగా తీర్మానించుటకు చాలును. కాని క్షామమును, తెగుళ్లును దేశమును పీడింపగా, యుద్ధమున పడినవారి దేహములనే మరల నిలుపుటకు రాజు ఒప్పుకొనెను. చచ్చినవాడు పోరాడినచో బ్రతికినవాడు దున్నుకొనవచ్చును గదా అను వాదము వినుటకు జుగుప్సాకరమే గాని నిస్సారము కాదు. థ్రేన్ రాజ్యమున పాలించునది మతసంస్థ. భూతములనుండి జనులను కాపాడుట దాని ధ్యేయము, ఆ ధ్యేయము కపటము కాదు. అట్లయ్యును రూపము మార్చు తోడేటిమనుష్యులను వెదకి నిర్మూలించుటలో ఆ సంస్థ నిరపరాధులను కూడ బలిగొన్నది.

ఇంతకంటె సూక్ష్మమైనది ఇరువురు పాలకుల జంట. కార్నాథ్ ప్రభువు మూడవ కైయస్ నిజమునకు యుద్ధారంభకుడైన మొదటి కైయసే. రక్తపిశాచియై, మునిమనుమని పేర రాజ్యమేలుచున్నాడు. పట్టికలో అతడు నియమబద్ధ దుష్టుడు. అయినను శాంతి నిలువవలెనని అందఱికంటె ఎక్కువగా పాటుపడుచున్నవాడు అతడే. ఆండేర్ రాణి ఔరాలా పట్టికలో సజ్జనురాలు, ప్రజావత్సల. మహారాజ్యము తన యేలుబడిలోనే బాగుపడునను నమ్మికచే మరల యుద్ధమును కోరుచున్నది. ధర్మయోధుని శక్తి కైయసును పట్టి యిచ్చును, ఔరాలాను విడిచిపెట్టును. ఇచట దండి చెప్పిన శత్రుప్రశంస లేదు, ధనంజయుని లోభియు లేడు. శీలమొకటి, రాజనీతిఫలము వేఱొకటి అను భేదము పట్టికను కొట్టివేయక దానిచేతనే చెప్పింపబడినది. ఈ లోకకల్పనలో మిక్కిలి మెచ్చదగిన పని యిదియే.

సందిగ్ధతకు హద్దు లేదని దీనివలన తలపరాదు. ఎబెరాన్‌లో సైతము భూగర్భమున బంధింపబడిన రాక్షసప్రభువులు కలరు. వారు స్వభావముచేతనే దుష్టులు, వారితో సంధి లేదు. మర్త్యజాతులకు మాత్రమే సంశయలాభము దక్కినది. దీనిని కొందఱు అసంపూర్ణతగా నెంచవచ్చును. కాని అందఱును సమముగా నల్లనివారేయన్న కథలో కైయస్ చేయు శాంతియత్నమునకు విలువ యుండదు. వానిని చూచి సందేహించుటకు, సందేహము లేని చెడుగు ఎచటనో ఉండితీరవలెను.

తరువాత నియమములే మారినవి. 2014 నాటి ఐదవ కూర్పున దుష్టత్వమును కనిపెట్టు మంత్రము పిశాచములను, దివ్యులను, ప్రేతములను తెల్పును గాని మనుష్యుని మనస్సును తెల్పదు. 2020 జూన్‌లో ప్రకాశకులు ఆర్కుల వర్ణనయు, డ్రౌ అను భూగర్భజాతి వర్ణనయు నిజలోకమున కొన్ని జనవర్గములను హీనపఱచిన తీరును తలపించుచున్నవని ఒప్పుకొనిరి. 'జాతి'ని తెల్పు పూర్వపదమును విడిచెదమని 2022లో ప్రకటించిరి. 2024 నాటి ఆటగాండ్ర గ్రంథమున ఆర్క్ ఎవరైనను ధరింపదగిన పాత్రయైనది. 2025 నాటి భూతకోశమున ఆర్కులకు ప్రత్యేకమైన పుట లేదు.

జాతినుండి తొలగిన ప్రశ్న రాజ్యమునకు చేరినది. ఎబెరాన్ సంధిపత్రము 12 రాజ్యములను గుర్తించినది. అందు దార్గూన్ ఒకటి. కూలికి పోరాడ వచ్చిన గాబ్లిన్ సేనలు 969లో యజమానులపై తిరుగబడి ఆక్రమించిన నేల అది. వంచనచే పుట్టినను పత్రమున చోటు దక్కుటచే దాని ప్రజలు ప్రజలైరి. తరువాత ముగ్గురు మంత్రగత్తెలు భూతజాతులను కూర్చి స్థాపించిన ద్రోయామ్‌కు ఆ పత్రమున చోటు దక్కలేదు. దాని నగరములున్నవి, అంగళ్లున్నవి, శాసనమున్నది. సంధిచే వచ్చు రక్షణ మాత్రము లేదు. ఎల్లదాటి వచ్చిన ద్రోయామ్ వాసిని ఒకడు చంపినచో దానిని హత్యయనవలెనా, వేట యనవలెనా అనునది గ్రంథమున వ్రాయబడలేదు. ఏ బల్లయొద్ద ఆ మరణము జరుగునో ఆ బల్లచుట్టు కూర్చున్నవారు నిర్ణయింపవలసియున్నది.